వేటాడినదెవరు? మోసినదెవరు?

గడచిన ఉగాదినాడు మా సంఘభవనమున కవిసమ్మేళనము ముగిసిన పిమ్మట పెద్దలు కొందరు, యువకులు కొందరు వరండాలో కూర్చుండి ముచ్చటించుచుండిరి. అమెరికాలో స్థిరపడిన మా ఊరి యువకుడొకడు అలాస్కా అడవులనుండి పంపిన ఛాయాచిత్రము ఒకరి ఫోనులో కనబడగా, ఆ ఫోను చేతినుండి చేతికి మారినది. చిత్రములో ఆ యువకుడు మోకాలిలోతు బురదలో వంగి నిలిచియున్నాడు. వీపున నెత్తుటి మరకలుగల పెద్ద మూట. వెనుక సన్నని యేరు, దాని యొడ్డున రబ్బరు పడవ. దారి చూపువాడు లేడు, సేవకుడు లేడు. ఇద్దరు మిత్రులు తమ తిండి, తమ గుడారము, తమ తుపాకులు తామే మోసికొనిపోయి 'మూస్' అను మహామృగమును వేటాడి వచ్చిరట.

చూచినవారందరును మెచ్చుకొనిరి. ఒక పెద్దాయన, "వేట మన రక్తములోనే ఉన్నదయ్యా! ఇది రాయలవారు ఏలిన గడ్డ గదా" అనెను. కళాశాలలో చదువుచున్న కుర్రవాడొకడు వెంటనే అందుకొని, "మనకు మాత్రమేమి తక్కువ తాతగారూ? జీపున్నది, దీపమున్నది. సిరుగుప్ప నల్లరేగళ్లు గంటన్నర దారి. ఒక రాత్రి పోయి వత్తమా?" అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. ఇల్లు చేరిన తరువాత ఆ నవ్వు మాకే నచ్చలేదు. అప్పుడు చెప్పవలసిన సమాధానమును ఇప్పుడు ఈ సంచికలో చెప్పుచున్నాము.

ఆ అలాస్కా చిత్రమునకును, ఈ కుర్రవాని కోరికకును పేరొక్కటే గాని పని ఒక్కటి కాదు. ఆ రెంటిని కలిపి, రెంటిని రాయలవారి ఖాతాలో వ్రాయుట చరిత్రకు అన్యాయము, అడవికి ద్రోహము. ఇదియే మా వాదము.

ముందుగా అలాస్కా వేట ఎట్టిదో విచారింతము. జింకజాతులన్నిటిలో మూస్ పెద్దది. మగమృగము భుజమువద్దనే మనిషి తలను మించిన ఎత్తుండును. దాని బరువు 600 కిలోగ్రాములు దాటవచ్చును. దానిని కొట్టుట నిమిషము పని. అసలు పని అటుపిమ్మట మొదలగును. ఒక పెద్ద మృగమునుండి తినదగిన మాంసము 200 కిలోగ్రాములకు పైగా వచ్చును. ఆ మాంసమును అడవిలో కుళ్లుటకు వదలివేయుట అచ్చట శిక్షార్హమైన నేరము. అలంకారమునకు పనికివచ్చు కొమ్ములను ముందుగా తరలించుటకు వీలులేదు. మాంసమంతయు చేరవేసిన తరువాతనో, చివరి మోతతోనో మాత్రమే కొమ్ములు కదలవలెను. ఒక మనిషి ఒక్కమారు 35 కిలోలు మోయగలడనుకొన్నచో 200 కిలోలకు ఆరు మోతలు కావలెను. పడవ రెండు మైళ్ల దూరమున నున్నచో, పోవుటకును వచ్చుటకును కలిపి ఇరువది మైళ్లకు పైబడిన నడక. నేల చూడబోయిన నాచుతో, నీటితో నిండి అడుగు దిగబడు నేల. నెత్తుటి వాసనకు ఎలుగుబంట్లు రాగలవు. కావుననే అచ్చటి అనుభవశాలురు ఏటికి దూరముగా మృగము కనబడినచో తుపాకి ఎత్తరు. చూచి విడిచిపెట్టుదురు.

పాఠకులు ఈ సంగతిని గమనింపవలెను. ఆ వేటగానికి పగ్గము వేయునది మొదట వాని వీపే. తాను మోయలేనిదానిని తాను కొట్టరాదు. రెండవ పగ్గము ప్రభుత్వముది. ఏ ప్రాంతమున మృగములెన్ని యున్నవో అంచనా కట్టి, ఏ దినములలో ఎట్టి మృగమును కొట్టవచ్చునో ముందుగా నిర్ణయింతురు. దీనిని మేము ఆదర్శముగా చూపుట లేదు. వేలాది రూపాయలు వెచ్చించి విమానమున ఎగిరిపోయి ప్రాణము తీయుటలో వినోదమేమియు లేదని మేము నమ్మజాలము. కాని ఆ వినోదమునకైనను ఒక వెల యున్నది. ఆ వెలను వేటగాడు తన వీపుతోనే చెల్లించుచున్నాడు.

ఇక మన గడ్డపై వేట యెట్టిది? 2021లో విజయనగర జిల్లా వేరుపడు వరకు హంపి మా బళ్లారి జిల్లాలోనిదే. అచ్చటి మహర్నవమి దిబ్బ చుట్టును చెక్కిన రాతిపలకలపై ఏనుగులు, గుఱ్ఱములు, నర్తకీమణులతోపాటు వేట దృశ్యములును గలవు. మన ప్రబంధములలో వేట వర్ణన లేనిది అరుదు. ఆ శిల్పమును, ఆ కవిత్వమును మేము తక్కువ చేయుట లేదు. కాని రాజుగారి వేటలో రాజుగారు చేసిన పని యెంత? పొదలు తట్టుచు, డప్పులు మ్రోగించుచు మృగములను తోలుకొనివచ్చినవారు పల్లెజనము. వలలు పన్నినవారు వేరు, జాగిలములను పెంచినవారు వేరు, దీమములను మచ్చిక చేసినవారు వేరు, పడిన మృగమును భుజములపై మోసినవారు వేరు. చిట్టచివర బాణము వేసి కీర్తి పొందినవాడు మాత్రము ఒక్కడు. శ్రమ పదిమందిది, కీర్తి ఒక్కనిది అయినప్పుడు చేతికి పగ్గముండదు. మోయనక్కరలేనివానికి లెక్క యెందుకు?

ఈ మాట ఊహ గాదు. రాజులు పోయి దొరలు వచ్చిరి. 1800లో ఈ దత్తమండలము కుంఫిణీవారి వశమైన తరువాత వేట దొరల ఆటవిడుపైనది. ఆ కాలముననే దక్కను పీఠభూమికి ఆవలి కొసయగు అహ్మద్‌నగరు ప్రాంతమున మాన్స్‌ఫీల్డ్ అను దొర 1809 మొదలు 1829 వరకు 961 బట్టమేకపిట్టలను కొట్టినట్లు లెక్క వ్రాయబడియున్నది. బట్టమేకపిట్ట సామాన్యముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. ఇరువది యేండ్లు ఒక్క మనిషి సరదా తీర్చుటకు ఎన్ని గ్రుడ్లు, ఎన్ని ఏండ్లు కావలసివచ్చెనో పాఠకులే లెక్కవేసికొందురు గాక. దొరల తరువాత మన సంస్థానాధీశులును వెనుకబడలేదు. 1947లో మధ్యభారతపు కొరియా సంస్థానాధీశుడు ఒక్క రాత్రి మోటారుబండిలో పోవుచు మూడు చీటాలను కాల్చెను. మన దేశమున చీటాలను గూర్చిన నమ్మదగిన చివరి వార్తలలో అది యొకటి. 1952లో ఆ జాతి దేశమున నశించినదని ప్రభుత్వము ప్రకటించినది. డెబ్బది యేండ్ల తరువాత, 2022లో, ఆఫ్రికాలోని నమీబియానుండి చీటాలను విమానములలో తెచ్చి కూనో అడవిలో విడువవలసివచ్చినది. ఒక రాత్రి, ఒక బండి, ఒక దీపము. మా సంఘభవనపు వరండాలో ఆ కుర్రవాడు కోరినదియు సరిగా ఇదే గదా!

"సంప్రదాయము" అను మాటను అడ్డుపెట్టుకొనువారికి సంప్రదాయమునుండియే సమాధానము చెప్పుదుము. మన ధర్మశాస్త్రములు వేటను జూదము, మద్యపానముల సరసన కూర్చుండబెట్టి సప్తవ్యసనములలో చేర్చినవి. మన పురాణములలో వేటవలన మేలు పొందినవారికంటె చెడినవారే ఎక్కువ. దశరథునకు పుత్రశోకము తెచ్చినది వేట. పాండురాజునకు శాపము తెచ్చినది వేట. బంగారులేడి వెంట పోయిన ఫలమును శ్రీరాముడంతటివాడే అనుభవించెను. ఆ దుఃఖముతోనే ఆయన మా పంపాతీరమునకు వచ్చెనని జనుల నమ్మకము.

అదే కిష్కింధలో వాలి అడిగిన ప్రశ్న ఒకటి కలదు. నా మాంసము తినదగినది కాదు, నా తోలు కట్టదగినది కాదు, నీతో నాకు పోరు లేదు; చాటునుండి నన్నేల కొట్టితివి అని ఆతడు రాముని నిలదీసెను. రాముడు తన సమాధానము తాను చెప్పెను. ఆ తగవును తీర్చుటకు మేమెవ్వరము? కాని ఆ ప్రశ్న మాత్రము ఈ కొండలలో నేటికిని వినబడుచున్నట్లే మాకు తోచును. తినుటకు కాదు, కట్టుటకు కాదు, ఆత్మరక్షణకు కాదు. దీపపు చాటునుండి కొట్టువాడు దానికేమి బదులు చెప్పును?

రాయలవారి ఆస్థానకవుల మాటయే తీసికొందము. అల్లసాని పెద్దన మనుచరిత్రములో స్వరోచి గొప్ప వేటగాడు. అయినను ఆ కథకు ఫలము వేటలో చంపిన మృగమువలన కలుగలేదు. లేడి రూపమున తన యెదుటికి వచ్చిన వనదేవతను ఆతడు చంపలేదు. ఆమెయే స్వారోచిషమనువునకు తల్లి యైనది. చంపక విడిచిన లేడి లేనిచో మనువు లేడు, మనుచరిత్రము లేదు. అదే కాలపు ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములో తిన్నని కథ చెప్పెను. తిన్నడు బోయవాడు. తానే వేటాడెను, తానే కాల్చెను, రుచి చూచి మంచి ముక్కలు ఏరి తానే దొప్పలో మోసికొనిపోయి స్వామికి పెట్టెను. తుదకు కన్నులు కావలసివచ్చినప్పుడు ఇతరుల కన్నులు వెదకలేదు. మన సాహిత్యమున స్వయంకృషితో సాగిన వేటకు నిదర్శనము కావలెనన్నచో రాజుల వేట కాదు, తిన్నని వేట. తిన్నని పేరు చెప్పుకొని జీపు ఎక్కుట ఏమి న్యాయము?

రాయలకంటె వేల యేండ్లకు పూర్వపు సాక్ష్యమును మా ఊరి పొలిమేరలోనే యున్నది. సంగనకల్లు, కప్పగల్లు కొండలలో నవీనశిలాయుగపు మనుష్యులు నివసించిరి. కప్పగల్లు బండలపై వారు తొలిచిన బొమ్మలలో అత్యధికము పొడవైన కొమ్ములు, మూపురములు గల పశువులవి. అడవిమృగములును లేకపోలేదు. అయినను ఆ జనము తమ గర్వమును బండపై చెక్కదలచినప్పుడు ముఖ్యముగా చెక్కినది తాము పెంచినదానిని, చంపినదానిని కాదు. మన రక్తములో ఏమున్నదని ఆ పెద్దాయన అడిగియుండినచో ఆ బండలను చూపియుందుము.

ఇప్పుడు సిరుగుప్ప నల్లరేగళ్లకు వత్తము. ఒకప్పుడు దక్కను గడ్డిమైదానములన్నిటను తిరిగిన బట్టమేకపిట్ట నేడు దేశము మొత్తము మీద 200 కూడ లేదని అంచనా. మిగిలిన వానిలో ఎక్కువభాగము రాజస్థానముననే యున్నవి. ఆ పిట్టకొరకే 1988లో కర్నూలు మండలమున ఏర్పరచిన రోళ్లపాడు అభయారణ్యములో అది దాదాపు కనుమరుగైనది. మా సిరుగుప్ప తాలూకాలో మాత్రము ఇటీవలి సంవత్సరములలోను వేళ్లపై లెక్కింపదగినంతగా కనబడినది. ఒక జాతి ఇన్ని వందల మైళ్ల నేలలో మా జిల్లాను ఇంకను విడువకయున్నది. ఆ నేలమీదనే దీపము వేసికొని తిరుగుదమా? తుపాకి పట్టినవాడు నేను జింకకొరకు వచ్చితిని, పిట్టకొరకు కాదు అనవచ్చును. ఆ జింక కృష్ణజింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కృష్ణజింకను, బట్టమేకను, ఎలుగుబంటిని మొదటి షెడ్యూలులోనే చేర్చినది. వానిని వేటాడినవానికి 3 మొదలు 7 సంవత్సరముల కారాగారము. ఒక రాత్రి సరదాకు యౌవనములో ఇన్ని సంవత్సరములు చెల్లింపవలసివచ్చునని ఆ నవ్వినవారిలో ఎందరికి తెలియును?

ఇచ్చట రెండు ఆక్షేపణలు వచ్చును. మొదటిది రైతుది. "మీరు భవనములో కూర్చుండి జాలి చెప్పుదురు, వేరుశనగ చేనులో, మొక్కజొన్న చేనులో అడవిపంది పడినప్పుడు మా గోడు ఎవరికి?" అని రైతు అడుగును. ఆ గోడు నిజము. దానిని నవ్వుతో కొట్టివేయువాడు అడవికి కూడ మిత్రుడు కాడు. కాని ఆ గోడునకు చట్టములోనే దారి యున్నది. పంటను పాడుచేయు అడవిపంది వంటి జంతువుల విషయమున అనుమతి నిచ్చు అధికారము వన్యప్రాణి ముఖ్యాధికారికి కలదు. పంటనష్టమునకు ప్రభుత్వపు పరిహారమును కలదు. అది ఆలస్యమగుచున్నచో సంఘములు, పంచాయతులు కలిసి అడుగవలెను. అంతియేగాని గట్టున కరెంటుతీగ పరచుట, పిండిలో నాటుబాంబు దాచుట పరిష్కారములు కావు. ఆ తీగ పందిని, పసులకాపరి పిల్లవానిని వేరుచేసి చూడదు. అదియుగాక, రాత్రివేళ జీపులో పోవువారు రైతుల పంటను కాపాడుటకు పోవుట లేదని రైతుకును తెలియును.

రెండవ ఆక్షేపణ దీనికంటె బలమైనది. "సండూరు కొండలను ఇనుపరాయికొరకు తొలిచివేసినప్పుడు మీ జాలి ఎక్కడ పోయెను? ఒక జింకను కొట్టినవానికి జైలు, కొండను మ్రింగినవానికి కోట" అందురు. ఇది పూర్తిగా అబద్ధమని మేము చెప్పము. గనుల త్రవ్వకమువలన మా జిల్లా అడవికి, నీటికి, గాలికి కలిగిన హాని ఎంతటిదనగా 2011లో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుపగనుల పనిని నిలిపివేయవలసివచ్చినది. బట్టమేకపిట్టకు నేడు తుపాకికంటె పైనుండి పోవు కరెంటుతీగలే పెద్ద గండము. కాని కొండను మ్రింగినవాడు ఒకడున్నాడని, మిగిలిన పిడికెడు అడవిలో మనమును చేయి పెట్టవచ్చునా? పెద్ద దొంగ దొరకలేదు గనుక చిల్లరదొంగతనము ధర్మమగునని ఏ శాస్త్రము చెప్పినది? పోగొట్టుకొన్నది పెద్దదైన కొలది మిగిలినదానిపై కాపు గట్టిగా నుండవలెను.

అయినచో వేటగాని విద్య అంతయు నశింపవలసినదేనా అని అడుగవచ్చును. కాదు. మా వాదములో ముఖ్యభాగము ఇదియే. మా సీమలోని బోయలు, బేడరులు తరతరములుగా అడవిని పాదముతో చదివినవారు. అడుగుజాడ చూచి ఇఱ్ఱియో లేడియో, నిన్నటిదో నేటిదో చెప్పగలవారు. ఏ గుంటలో ఏ నెలవరకు నీరుండును, ఏ పొదలో పూరేడు గ్రుడ్డు పెట్టును, ఏ చెట్టు పండినప్పుడు ఎలుగుబంటి కొండ దిగును అనునది వారు ఎరిగినంతగా గ్రంథములు ఎరుగవు. ఆ విద్యకు ప్రాణము చంపుటలో లేదు, చూచుటలో ఉన్నది.

దీనికి పొరుగు కడప జిల్లాయే సాక్షి. కలివికోడి అను పిట్టను జెర్డాన్ దొర 1848లో లోకమునకు తెలియజేసెను. 1900 తరువాత దానిని చూచినవారు లేరు. అది అంతరించినదని పండితులు తలచిరి. 1986 జనవరిలో లంకమల కొండల చెంత ఐతన్న అను పిట్టలవేటగాడు రాత్రివేళ దానిని పట్టి, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారికి చూపెను. ఎనుబది యారేండ్లు శాస్త్రజ్ఞులకు దొరకనిది ఒక వేటగాని కంటికి దొరకినది. ఆ పిట్ట బంధనములో బ్రతుకలేదన్నది విచారకరమే. కాని ఐతన్న చూపినదానివలననే ఆ ముండ్లపొదల అడవి అభయారణ్యమైనది. ఆ వేటగాని జ్ఞానము ఒక జాతిని కాపాడుటకు పనికివచ్చినది.

మరియొక సాక్షి మా జిల్లాలోనే గలడు. సండూరు రాజవంశమున 1931లో జన్మించి, 1970ల దశకమున కర్ణాటక రాష్ట్రపు ఆర్థికమంత్రిగా పనిచేసి, 2011లో గతించిన ఎం. వై. ఘోర్పడే అడవిజంతువుల ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధి గాంచెను. ఆ చిత్రములు పుస్తకరూపమునను వెలువడినవి. రాజవంశమున పుట్టినవానికి తుపాకి దొరకకపోవునా? చిత్రము తీయువాడును వేటగానివలెనే గాలి చూచుకొనవలెను, ఊపిరి బిగబట్టవలెను, గంటలకొలది కదలక కూర్చుండవలెను. పని ముగిసిన తరువాత మృగము తన దారిని తాను పోవును. మరునాడు మరియొకడు వచ్చి దానినే చూడవచ్చును.

కావున మా సంఘమునకు ఒక్క మనవి. ఏటేట కవిసమ్మేళనములు, నాటకములు జరుపుచున్నాము, అవి జరుగవలసినవే. వానితోపాటు ఏటికి ఒకమారు, చలికాలమున, మా యువకులను నాలుగు దినములు అడవికి పంపుదము. జీపు వలదు, దీపము వలదు, తుపాకి వలదు. అటవీశాఖవారి అనుమతితో, నడువదగిన త్రోవలలో, తన తిండి, తన నీరు, తన పక్క తానే మోసికొనిపోవలెను. తెచ్చిన చెత్తను తిరిగి తానే మోసికొనిరావలెను. అడవి నెరిగిన బోయపెద్దను, గొఱ్ఱెలకాపరిని గురువులుగా పిలిచి, పండితులకిచ్చు సంభావనయే వారికిని ఇయ్యవలెను. 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యమున సాయంకాలము బండలపైకి వచ్చు ఎలుగులను దూరమునుండి చూడవచ్చును. సిరుగుప్ప రేగళ్ల అంచున పగటివేళ కూర్చుండి పిట్టలను లెక్కింపవచ్చును. చూచిన ప్రతి మృగమునకు, పిట్టకు, చెట్టునకు తెలుగు పేరు, కన్నడ పేరు పక్కపక్కన వ్రాసికొనిరావలెను. 1953 అక్టోబరు 1న మా జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు, తక్కినవి మైసూరునకు పోయినవి. ఆ గీత మనుష్యులకే గాని జింకకు లేదు. జింక రెండు రాష్ట్రముల గడ్డి మేయును. దానికి రెండు భాషలలోను పేరుండవలెను. పేరు మరచిన తరువాత జంతువును మరచుటకు ఎంతకాలము పట్టును?

ఆ కుర్రవానిపై మాకు కోపము లేదు. వానికి కావలసినది నెత్తురు కాదని మా నమ్మకము. వాడు అలాస్కా చిత్రములో చూచి ముచ్చటపడినది చచ్చిన మృగమును కాదు. ఎవరి సాయమును లేక తన బరువు తాను మోయుచున్న తనయీడు వానిని. ఆ ముచ్చట మంచిదే. దానిని తీర్చుట మా పెద్దల బాధ్యత. తీర్చక నవ్వి ఊరకున్నచో వాడు ఒక రాత్రి జీపు ఎక్కును. ఆ తప్పులో మా నవ్వునకును పాలుండును.

నాయనా, వచ్చే చలికాలమున మేమును నీతో వత్తుము. వయసు మీరినను మా మూట మేమే మోసికొందుము. నీ మూట నీవు మోయుము. మోయలేనిదానిని ముట్టకుందము.